ఎకరం వరి జమాఖర్చు: నేలలో ఏది పోగవుతోంది, ఏది ఖాళీ అవుతోంది

2025 వానాకాలంలో యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు తెల్లవారకముందే లైన్లు కట్టారు. మనుషులకి బదులు చెప్పులు వరసగా పెట్టి ఉన్న ఫొటోలు అందరం చూశాం. ఆ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పొటాష్ బస్తా కోసం ఇలా లైను కట్టిన ఊరు ఎక్కడైనా ఉందా? ఎప్పుడూ వినలేదు. కానీ పంట తీసుకెళ్లేదెంత, మనం తిరిగి వేసేదెంత అని లెక్క రాసి చూస్తే, చాలా వరి పొలాల్లో అప్పు పెరుగుతున్నది పొటాష్ ఖాతాలోనే. లైను కట్టి తెచ్చిన యూరియాలో సగానికి పైగా మాత్రం మొక్క నోటికి అందకుండానే పోతోంది.

బడి పుస్తకాల్లో పోషకాల చక్రం అంటే ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. నేల నుంచి మొక్కకి, మొక్క నుంచి పశువుకి, పశువు నుంచి మళ్లీ నేలకి బాణం గుర్తులు. ఆ బొమ్మ తప్పేమీ కాదు, కానీ అందులో అన్ని పోషకాలూ ఒకే దారిలో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. నత్రజని గాలిలో ఎగురుతుంది, నీళ్లలో కరిగి కారిపోతుంది. భాస్వరం గాలిలోకి పోదు, మట్టిని అంటుకుని కూర్చుంటుంది. పొటాష్ గడ్డితో పాటు బండెక్కి ఊరు దాటుతుంది. ఎవరి స్వభావం వాళ్లదన్నట్టు ఉంటుంది వీటి వ్యవహారం. అందుకే మనిషి చేసే ఒకే పని, అది ఎరువు వేయడం కావచ్చు, గడ్డి తగలబెట్టడం కావచ్చు, చెట్లు కొట్టడం కావచ్చు, ఒక్కో పోషకాన్ని ఒక్కోలా దెబ్బతీస్తుంది. "రసాయన ఎరువులు మంచివా, చెడ్డవా" అన్న వాదన ఏళ్ల తరబడి ఎటూ తేలకపోవడానికి కారణం కూడా ఇదే అని నా అభిప్రాయం. ఏ పోషకం గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబు లేదు.

ముందుగా ఒక ఎకరం లెక్క చూద్దాం.

యాసంగిలో ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. ఒక టన్ను వడ్లు పండించడానికి వరి మొక్క, గింజా గడ్డీ కలిపి, నేల నుంచి సుమారు 17 కిలోల నత్రజని, 7 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ లాగుతుంది (భాస్వరం, పొటాష్‌లను ఎరువుల బస్తా మీద రాసే ఆక్సైడు లెక్కలోనే చెబుతున్నాను). అంటే మన ఎకరంలో 43 కిలోల నత్రజని, 17 కిలోల భాస్వరం, 50 కిలోల పొటాష్ ఖర్చు.

ఇప్పుడు జమ. ఒక బస్తా డీఏపీ, మూడు బస్తాల యూరియా, అర బస్తా పొటాష్ వేశారనుకుందాం. చాలా ఊళ్లలో కాస్త అటూ ఇటూగా జరిగేది ఇదే. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. 25 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 15 కిలోల పొటాష్. మొత్తం కలిపితే నత్రజని 71, భాస్వరం 23, పొటాష్ 15.

నత్రజని జమ ఖర్చు కన్నా చాలా ఎక్కువ. భాస్వరం కొంచెం మిగులు. పొటాష్ 35 కిలోల లోటు. కాలువ నీళ్లు కొంత పొటాష్ తెస్తాయి, రేగడి మట్టిలోని బంకమన్ను తన నిల్వలోంచి కొంత విడుదల చేస్తుంది. అందుకే లోటు వెంటనే బయటపడదు. పైరు పచ్చగానే ఉంటుంది. యూరియా వేసిన నాలుగు రోజులకి ఆకు రంగు మారుతుంది, కంటికి కనిపిస్తుంది. పొటాష్ వేస్తే అలా కనిపించేది ఏమీ లేదు. రైతు కళ్లతో చూసి నమ్మేది యూరియానే, అందులో ఆయన తప్పు లేదు.

నత్రజని: పొంగి పొర్లింది

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. కానీ ఆ రెండు పరమాణువుల జంట ఎంత గట్టిగా పెనవేసుకుని ఉంటుందంటే, మొక్కలు దాన్ని వాడుకోలేవు. విడగొట్టగలిగేది మెరుపులు, కొన్ని రకాల బాక్టీరియా మాత్రమే. కంది, పెసర, వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండేవి అవే. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలే గాలి నత్రజనిని పట్టుకుంటాయని 1880ల్లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు నిరూపించారు.

అక్కడి నుంచి మూడు దశాబ్దాలు తిరక్కముందే మనిషి ఆ పనిని ఫ్యాక్టరీలో చేయడం నేర్చుకున్నాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో అమ్మోనియా తయారుచేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఒపావులో మొదటి ఫ్యాక్టరీ మొదలైంది. రామగుండంలో ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తయారు చేయగల ఫ్యాక్టరీ నడుస్తున్నదీ అదే సూత్రం మీద. గాలిలోంచి నత్రజని, సహజవాయువులోంచి హైడ్రోజన్, విపరీతమైన వేడి, ఒత్తిడి.

ఇవాళ ప్రపంచమంతా కలిపి ఏటా 10 కోట్ల టన్నులకు పైగా నత్రజనిని ఎరువు రూపంలో నేలకి వేస్తోంది. దీనికి మనం సాగుచేసే పప్పుధాన్యాలు పట్టుకునేదీ, వాహనాలూ విద్యుత్ కేంద్రాలూ గాలిలోకి వదిలేదీ కలిపితే, నేల మీద ప్రకృతి తనంతట తాను బంధించే నత్రజని కన్నా మనిషి కలిపేదే ఎక్కువ. భూమ్మీద ఇంత పెద్ద చక్రాన్ని ఇంత తక్కువ కాలంలో మనిషి ఇంతగా మార్చేసిన సందర్భాలు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అదే సమయంలో ఈ నత్రజని లేకపోతే ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి తిండి ఉండదు. 1950-51లో మన దేశంలో హెక్టారుకి బియ్యం దిగుబడి 668 కిలోలు. ఇప్పుడది 2,800 కిలోలకు అటూ ఇటూ. ఈ పెరుగుదలలో కొత్త వంగడాలకీ నీటికీ ఎంత వాటా ఉందో యూరియాకీ అంతే ఉంది. యూరియాని తిట్టేవాళ్లు ఈ మాట మర్చిపోతుంటారు.

గొడవ ఎక్కడంటే, వరి పొలంలో వేసిన నత్రజనిలో మొక్క తీసుకునేది 30 నుంచి 40 శాతమే. మిగతాది ఎటు పోతుంది?

నిలిచిన నీళ్లలో యూరియా చల్లినప్పుడు అది రెండు మూడు రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది. మడిలో పచ్చని నాచు ఉంటుంది కదా, ఎండ కాసే వేళ అది నీళ్లలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చేస్తుంది. దాంతో మధ్యాహ్నానికి ఆ నీళ్లు క్షారంగా మారతాయి. క్షారపు నీళ్లలో అమ్మోనియం నిలవదు, అమ్మోనియా వాయువుగా లేచిపోతుంది. అంటే ఎండలో, నిండు నీళ్లలో యూరియా చల్లడమంటే కొంత భాగాన్ని నేరుగా గాలికి వదిలినట్టే. నీళ్లు తీసేసి బురద పదునులో చల్లండి, రెండు రోజులు ఆగి నీళ్లు పెట్టండి అని వ్యవసాయ అధికారులు చెప్పేది ఇందుకే. 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లమనే సలహా మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. దాని వెనకున్న ఆలోచనా దాదాపు అదే. అమ్మోనియం కాస్తా నైట్రేటుగా మారిపోయే వేగాన్ని వేప తగ్గిస్తుంది.

ఆ వేగం ఎందుకు తగ్గించాలి? నైట్రేటు మట్టికి అంటుకోదు. నీటితో పాటు కిందికి దిగి బోరు నీళ్లలో చేరుతుంది. లేదా, మడి ఒకసారి ఆరి మళ్లీ తడిసినప్పుడు గాలి ఆడని మట్టిలోని బాక్టీరియా దాన్ని వాయువుగా మార్చేస్తాయి. అందులో ఎక్కువ భాగం మామూలు నత్రజని, దానితో ఏ ఇబ్బందీ లేదు. కొంత మాత్రం నైట్రస్ ఆక్సైడు. నూరేళ్ల లెక్కలో ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా 270 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది, ఓజోన్ పొరనీ దెబ్బతీస్తుంది.

తాగే నీటిలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. కేంద్ర భూగర్భ జల మండలి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 440 జిల్లాల్లో ఈ పరిమితి దాటిన నమూనాలు దొరికాయి. మొత్తం నమూనాల్లో దాదాపు అయిదో వంతు. ఇదంతా యూరియా పుణ్యమే అనడం సరికాదు. పశువుల కొట్టాల నుంచీ, మరుగుదొడ్ల గుంతల నుంచీ కూడా నైట్రేటు దిగుతుంది. ఊరి నడిమధ్య బావిలో నైట్రేటు ఎక్కువగా ఉంటే ముందు అనుమానించాల్సింది పొలాన్ని కాదు.

కృష్ణా డెల్టాలో ఇంకో మార్పు జరిగింది. సార్వా వరి కోతకి ముందే మడిలో మినుము చల్లి, మిగిలిన తేమతోనే పంట తీయడం అక్కడి పాత పద్ధతి. దున్నకుండా, ఎరువు వేయకుండా పప్పు చేతికొచ్చేది. వేర్ల దగ్గర కొంత నత్రజని నేలలో మిగిలేది. పల్లాకు తెగులు, బంగారు తీగ కలుపు మినుముని విసిగించాక చాలామంది దున్నకుండానే విత్తే జీరో టిల్లేజ్ మొక్కజొన్నకి మారారు. రాబడి పెరిగింది. కానీ నత్రజనిని తెచ్చిపెట్టే పంట స్థానంలో, అన్ని పంటల కన్నా ఆబగా నత్రజని తినే పంట వచ్చి కూర్చుంది. ఒక చిన్న పురుగు, తెల్లదోమ, వైరస్‌ని మోసుకొచ్చి ఆ ప్రాంతపు నత్రజని లెక్కనే తిరగరాసిందంటే ఆశ్చర్యమే మరి.

అడవిని కొడితే ఏమవుతుందో ఒక వాగు చెప్పింది

పొలం సంగతి సరే, ఎవరూ ఎరువు వేయని అడవిలో పోషకాలు ఎలా నిలుస్తాయి? ఈ ప్రశ్నకి బాగా తెలిసిన జవాబు అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హబ్బర్డ్ బ్రూక్ అనే అడవిలో దొరికింది. జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో అక్కడ చిన్న చిన్న వాగుల పరీవాహక ప్రాంతాల కింద కాంక్రీటు ఆనకట్టలు కట్టి, అడవిలోంచి బయటికి పోయే ప్రతి పోషకాన్నీ కొలిచారు. 1965-66 చలికాలంలో ఒక ప్రాంతంలో చెట్లన్నీ నరికేశారు. కలపని అక్కడే వదిలేసి, మళ్లీ ఏమీ మొలవకుండా మందు కొట్టారు. పక్కనే ఉన్న మరో ప్రాంతాన్ని ముట్టుకోలేదు.

ఫలితం: చెట్లు కొట్టిన చోట వాగులో నైట్రేటు దాదాపు 60 రెట్లు పెరిగింది. కాల్షియం నాలుగు రెట్లు, పొటాషియం 15 రెట్లు పెరిగాయి. ఎవరూ అక్కడ యూరియా చల్లలేదు. రాలిన ఆకు ఎప్పటిలాగే కుళ్లింది, సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోయాయి. తేడా ఒక్కటే, విడుదలైన పోషకాన్ని అందుకునే వేరు లేదు. అడవి నేల సారవంతంగా ఉండడానికి కారణం మట్టిలో దాగిన నిధి కాదనీ, బతికున్న వేర్లు క్షణం ఆలస్యం చేయకుండా పట్టుకోవడమేననీ ఆ వాగు చూపించింది.

మన తూర్పు కనుమల్లో పోడు వ్యవసాయాన్ని ఈ వెలుగులో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. చెట్లు కొట్టి తగలబెట్టినప్పుడు నత్రజని, గంధకం పొగలో పోతాయి. పొటాష్, కాల్షియం, కొంత భాస్వరం బూడిదలో మిగిలి రెండు మూడు పంటలకి సరిపోతాయి. తర్వాత ఆ కొండని వదిలేస్తే మళ్లీ పెరిగిన అడవి లోతు మట్టిలోంచి పోషకాలని పైకి తెచ్చుకుంటుంది. బీడుగా వదిలే కాలం పొడుగ్గా ఉన్నంతవరకూ ఇది నడిచే లెక్కే. జనం పెరిగి, భూమి తగ్గి, బీడు కాలం కుదించుకుపోయాక లెక్క తప్పింది. పోడునే పట్టుకుని అడవిని పాడుచేసే పద్ధతని తిట్టడం సులువు. తునికాకు చిగురు బాగా రావాలని వేసవిలో అడవికి పెట్టే నిప్పు కూడా ఏటేటా అదే పని చేస్తుందన్నది అంతగా చర్చకి రాదు.

భాస్వరం: తెచ్చి దాచిపెడుతున్నాం

భాస్వరానికి గాలిలో ఖాతా లేదు. రాయి అరిగితే మట్టిలోకి వస్తుంది, మట్టి కొట్టుకుపోతే సముద్రంలోకి పోతుంది, సముద్రగర్భం మళ్లీ పైకి లేచి నేలయ్యేదాకా తిరిగి రాదు. అది కోట్ల ఏళ్ల పని. అంతకాలం ఆగలేం గనక గనుల్లోంచి తవ్వుతున్నాం. ప్రపంచంలోని ఫాస్ఫేటు నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లో ఉన్నాయి. మనకి రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రా లాంటి కొన్ని గనులున్నా అవి ఏ మూలకీ చాలవు. విశాఖ, కాకినాడ ఫ్యాక్టరీలకి ముడిరాయి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఓడల్లోనే వస్తాయి.

అంత దూరం నుంచి వచ్చిన భాస్వరం పొలంలో ఏమవుతుంది? వేసిన సీజన్‌లో మొక్క తీసుకునేది కొద్ది భాగమే. రేగడి నేలల్లో కాల్షియం, ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. అది ఎక్కడికీ పోదు, అలాగని మొక్కకీ సులువుగా దొరకదు. ఏళ్ల తరబడి పంట పంటకీ డీఏపీ వేసిన పొలాల్లో ఈ నిల్వ పేరుకుపోయింది. తెలంగాణలో భూసార పరీక్షల్లో భాస్వరం ఎక్కువ అని తేలే పొలాలు చాలా ఉన్నాయి. డీఏపీ తగ్గించి, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా, అంటే పీఎస్‌బీ కల్చర్ వాడండని అధికారులు చెబుతున్నది ఇందుకే.

పేరుకుంటే నష్టమేముంది, ఉంటే ఉందిలే అనుకోవచ్చు. రెండు నష్టాలున్నాయి. మొదటిది, వాన కొట్టుకెళ్లిన పైమట్టితో అది చెరువులో చేరుతుంది. గుర్రపుడెక్క అల్లుకోవడానికి మురుగు ఎంత కారణమో ఇదీ అంతే. రెండోది ఇంకా దగ్గరిది. నేలలో భాస్వరం మరీ ఎక్కువైతే మొక్కకి జింకు అందడం తగ్గుతుంది. వరిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, గిడసబారిన దుబ్బులు కనిపిస్తే రైతులు జింకు సల్ఫేటు కొడుతుంటారు. ఉత్తరాదిలో ఖైరా అని పిలిచే ఈ జబ్బుకి తెగులు కాదు, జింకు లోపం కారణమని 1960ల్లో పంత్‌నగర్‌లో తేల్చింది యశ్వంత్ ఎల్. నేనే అనే శాస్త్రవేత్త. ఆయన తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో, అంటే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థలో పనిచేశారు. అంటే డీఏపీ ఒక బస్తా ఎక్కువ వేసి, ఆ తర్వాత జింకు పొట్లం ఇంకోటి కొనుక్కోవడమన్నమాట.

గంధకం కథ మరీ విచిత్రం. దాన్ని ఎవరూ కావాలని మానేయలేదు. పాత రోజుల్లో భాస్వరం కోసం వేసే సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో 11 శాతం గంధకం ఊరికే వచ్చేది. అమ్మోనియం సల్ఫేటులోనూ ఉండేది. రవాణాకి తేలికని, బస్తాకి బలమెక్కువని యూరియా, డీఏపీలకి మారాక గంధకం చెప్పాపెట్టకుండా మాయమైంది. నూనె గింజలకి అది ముఖ్యం. వేరుశనగకి పూత దశలో ఎకరాకి 200 కిలోల జిప్సం వేయమనేది కాల్షియంతో పాటు దీనికోసమే. ఇక్రిశాట్ కర్ణాటక ప్రభుత్వంతో కలిసి 2009లో మొదలుపెట్టిన భూచేతన కార్యక్రమంలో మెట్ట పొలాల్లో గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. వాన లేకే దిగుబడి రావట్లేదనుకున్న చేలలో, ఉన్న వానని వాడుకోలేకపోవడానికి ఈ చిన్న లోపాలే అడ్డమని అక్కడ తేలింది.

గడ్డి ఎటు పోతే పొటాష్ అటు

వరి తీసుకున్న పొటాష్‌లో 80 శాతానికి పైగా గడ్డిలోనే ఉంటుంది. గింజలో ఉండేది కొంచెమే. మన ఎకరం లెక్కలో 50 కిలోల పొటాష్‌లో 40 కిలోలు గడ్డిదే. నత్రజనిలో 40 శాతం, భాస్వరంలో మూడో వంతు కూడా గడ్డివే. కాబట్టి కోతయ్యాక గడ్డిని ఏంచేశారన్నది ఎరువుల కొట్లో ఏం కొన్నారన్నంత ముఖ్యం.

తగలబెడితే నత్రజని దాదాపు అంతా పోతుంది. భాస్వరం పావు వంతు, పొటాష్ అయిదో వంతు పోతాయి. మిగిలిన పొటాష్ బూడిదలో ఉంటుంది, అదీ హార్వెస్టర్ వదిలిన బారుల వెంటే ఉంటుంది. బారు ఉన్నచోట ఎక్కువ, లేనిచోట తక్కువ. పొగ సంగతి ఎలాగూ తెలిసిందే.

మరి బేలర్‌తో కట్టలు కట్టించి అమ్మేస్తే? పొగ ఉండదు, నాలుగు డబ్బులొస్తాయి, పశువులకి మేత. అందరూ మెచ్చుకునే పరిష్కారం ఇదే. కానీ పొటాష్ లెక్కలో చూస్తే తగలబెట్టడం కన్నా ఇదే పెద్ద నష్టం. బూడిదలో మిగిలేదాన్ని కూడా లారీకెక్కించి పంపిస్తున్నాం. తగలబెట్టమని నేను చెప్పడం లేదు. గడ్డి అమ్మిన డబ్బులో ఒక పొటాష్ బస్తా ఖర్చు తీసి పక్కన పెట్టాకే లాభం లెక్కేసుకోవాలి.

పొలంలోనే కలియదున్నడం మంచిదే, అదీ చెప్పినంత సులువు కాదు. వరిగడ్డిలో కార్బన్ చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి గనక అవి మట్టిలో ఉన్నదాన్నే లాగేసుకుంటాయి. గడ్డి కుళ్లకముందే నాట్లు వేస్తే నారు పసుపెక్కి నిలబడిపోతుంది. వానాకాలం కోతకీ యాసంగి నాట్లకీ మధ్య రైతుకి దొరికే గడువు కొద్ది వారాలే. ఎకరాకి 50 కిలోల సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీళ్లు పెట్టి రోటవేటర్ తోలితే త్వరగా కుళ్లుతుందని సిఫార్సు ఉంది. డీజిల్, నీళ్లు, రోజులు అన్నీ కలిసొచ్చినవాళ్లు చేస్తున్నారు. రానివాళ్లు అగ్గిపుల్ల గీస్తున్నారు.

అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగదీ ఇలాంటి కథే. అది పప్పుజాతి మొక్క, నత్రజని తనే తెచ్చుకుంటుంది, నేలకి మేలు చేస్తుందని చెప్పుకుంటాం. కానీ మొక్కని వేర్లతో సహా పీకుతాం. కాయ నూనె మిల్లుకి, కట్టె పశువుల మేతకి. నూనెలో నేల నుంచి వచ్చిన పోషకాలేమీ దాదాపు ఉండవు, అది గాలీ నీళ్లతో తయారైన సరుకు. పోషకాలన్నీ ఉండేది నూనె తీశాక మిగిలే చెక్కలో, కాయ తెంపాక మిగిలే కట్టెలో. అవి రెండూ చేను దాటిపోతాయి. పశువులున్న ఇంట్లో కట్టె పెంటగా మారి మళ్లీ చేనుకొచ్చేది. పశువుల్లేని ఇంటి నుంచి ఏదీ రాదు.

పాత పద్ధతి గొప్పదే, పూర్తిగా కాదు

ఇక్కడే చాలామంది ఆగి, పాత రోజులే బాగుండేవని నిట్టూరుస్తారు. ఎద్దులు, పెంటకుప్పలు, జీలుగ, జనుము, కానుగ ఆకు, చెరువు పూడిక మట్టి, చేలో గొర్రెల మంద. మంద పెట్టించుకోవడం చక్కటి ఏర్పాటు. పగలంతా బీళ్లలో మేసిన గొర్రెలు రాత్రి చేలో పడుకుంటాయి. పెంట, మూత్రం రెండూ అక్కడే పడతాయి, కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. బండి కట్టే పనిలేదు.

కానీ ఆ గొర్రె ఎక్కడ మేసింది? ఊరి బీడులో, గుట్ట మీద, అడవి అంచున. చేనుకి జమ అయినదంతా అక్కడ ఖర్చు. కానుగ ఆకు, అడవి ఆకు కూడా అంతే. పాత వ్యవసాయంలో పొలం బాగుండడానికి పొలానికి కొన్ని రెట్ల బీడు భూమి నెమ్మదిగా బక్కచిక్కేది. దిగుబడులు తక్కువ కాబట్టి, మనుషులు తక్కువ కాబట్టి సరిపోయింది. పేడలో మంచి భాగం పిడకలై పొయ్యిలోకీ పోయేది. చెరువు మట్టి విషయం మాత్రం వేరు. అది పొలాల నుంచే కొట్టుకొచ్చిన పైమట్టి, తిరిగి పొలానికి తోలుకోవడం నిజంగానే చక్రం పూర్తిచేయడం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఎన్నో చెరువుల పూడిక తీసి రైతులు చేలకి తోలుకున్నారు. ఆ పథకం గురించి నీళ్ల కోణంలో రాసినంతగా మట్టి కోణంలో ఎవరూ రాయలేదు.

ప్రకృతి వ్యవసాయం మీద జరిగే వాదనకి కూడా ఇదే జమాఖర్చు పద్ధతి పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి పెద్ద ఎత్తున నడుస్తున్న ఆ కార్యక్రమంలో పేడ, మూత్రం పులియబెట్టి చేసే జీవామృతం, నేలని ఎప్పుడూ పంటతో కప్పి ఉంచడం, రకరకాల పంటలు కలిపి వేయడం ముఖ్యం. నత్రజని వరకూ ఈ దారికి ఆధారముంది, పప్పుజాతి పంటలు ఎక్కువ ఉంటే గాలి నుంచి తెస్తాయి. ఎప్పుడూ వేర్లుంటే కారిపోయేదీ తగ్గుతుంది. హబ్బర్డ్ బ్రూక్ చెప్పిందీ అదే కదా. పేరుకుపోయిన భాస్వరాన్ని సూక్ష్మజీవులు కొంత బయటికి తీయగలవన్నదీ నిజమే. కానీ ఉన్న నిల్వని వాడుకోవడం వేరు, కొత్తగా పుట్టించడం వేరు. పొటాష్‌ని ఏ బాక్టీరియా గాలిలోంచి తేలేదు. పంట ఊరు దాటి అమ్ముడుపోతున్నంత కాలం ఆ లోటు ఏదో ఒక దారిలో పూడ్చాల్సిందే.

బియ్యం వెళ్లిన చోటు నుంచి ఏదీ తిరిగి రాదు

టన్ను బియ్యంలో 11, 12 కిలోల నత్రజని ఉంటుంది. ఆ బియ్యం హైదరాబాద్‌కో, కేరళకో పోతుంది. తిన్న మనిషి ఒంట్లో నిలిచేది దాదాపు ఏమీ లేదు. మనిషి నుంచి ఏడాదికి రెండున్నర, మూడు కిలోల నత్రజని, నాలుగు వందల గ్రాముల దాకా భాస్వరం బయటికి పోతాయి. కోటి మంది ఉన్న నగరానికి ఇది 25-30 వేల టన్నుల నత్రజని. యూరియాలో చెప్పాలంటే 12 నుంచి 14 లక్షల బస్తాలు.

హైదరాబాద్‌లో అందులో చాలా భాగం మూసీలో కలుస్తుంది. పీర్జాదిగూడ దగ్గర ఆ నీళ్లతో దశాబ్దాలుగా పశువుల గడ్డి పెంచారు. ఆ గడ్డి గేదెలకి, గేదె పాలు మళ్లీ నగరానికి. ఇంకా కిందికి వెళ్తే వరి. ఒకరకంగా ఇదీ పోషకాల చక్రమే, కాకపోతే రోగక్రిములు, ఫ్యాక్టరీల లోహాలు కూడా అందులోనే తిరుగుతున్నాయి. మురుగుని శుద్ధి చేసే ఆధునిక ప్లాంట్లలో ఏం జరుగుతుందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. నదిని కాపాడడానికి మురుగులోని నత్రజనిని బాక్టీరియాతో మళ్లీ గాలిలోకి పంపిస్తారు. దానికి కరెంటు ఖర్చు. రామగుండంలో గ్యాసు కాల్చి గాలిలోంచి దించిన నత్రజనిని, నగరం చివర కరెంటు పెట్టి గాలికే ఎక్కిస్తున్నాం.

ఇదంతా రైతు తెలియక చేస్తున్నది కాదు, ధరలు చేయిస్తున్నది. 2010 ఏప్రిల్ నుంచి పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చింది. ఏ ఎరువులో ఏ పోషకం ఎంత ఉంటే దాన్ని బట్టి సబ్సిడీ. ఆలోచన మంచిదే, కానీ యూరియాని అందులోంచి బయట పెట్టారు. భాస్వరం, పొటాష్ ధరలు అంతర్జాతీయ మార్కెట్‌తో పాటు ఎగిరాయి. యూరియా 45 కిలోల బస్తా పన్నులతో కలిపి రూ.266.50 దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది. అదే డీఏపీ బస్తా రూ.1,350. పొటాష్ మొత్తం కెనడా, రష్యా, బెలారస్ లాంటి చోట్ల నుంచి రావాలి, యుద్ధమొస్తే ధర రెట్టింపవుతుంది. ఈ రేట్లు పక్కపక్కన చూసిన ఎవరైనా యూరియా వైపే చేయి చాపుతారు. భూసార కార్డు ఎంత చక్కగా అచ్చువేసి ఇచ్చినా ఆ కాగితం ఈ రేట్లతో పోటీపడలేదు.

కొత్తగా ఆశ పుట్టించేది ఒకటుంది. వరిగడ్డి నుంచి కంప్రెస్డ్ బయోగ్యాస్ తీసే ప్లాంట్లు. గ్యాసులోకి పోయేది ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు పూర్తిగా గ్యాసు తీశాక మిగిలే తడి పిప్పిలోనే, అంటే స్లర్రీలోనే ఉండిపోతాయి. బేలర్ ఎత్తుకెళ్లిన పొటాష్ తిరిగి రావడానికి ఇంతకన్నా సూటి దారి లేదు. ఇలా వచ్చిన సేంద్రియ ఎరువు అమ్మకానికి కేంద్రం 2023లో టన్నుకి రూ.1,500 సాయం ప్రకటించింది. చిక్కు ఏమిటంటే గడ్డి ఎండుగా, తేలికగా వెళ్తుంది. స్లర్రీ తడిగా, బరువుగా వస్తుంది. ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి గడ్డి పంపిన రైతుకి ఆ తడి ఎరువు తిరిగి చేర్చాలంటే టన్నుకయ్యే కిరాయి ఎవరు కట్టాలి, గడ్డి కొనే ఒప్పందంలోనే ఆ మాట రాయించుకోవాలా? ప్లాంటు గేటు పక్కన ఉన్న పొలాలకే స్లర్రీ అంతా పోసేస్తే అక్కడ పోషకాలు పోగవుతాయి, గడ్డి పంపిన ఊళ్లలో లోటు అలాగే ఉంటుంది. ఈ ప్లాంట్లలో చాలావరకు ఇంకా కాగితాల మీదా పునాదుల దగ్గరా ఉన్నాయి కాబట్టి, ఆ ఒప్పందాల్లో ఒక వాక్యం చేర్చడానికి ఇంకా సమయం మించిపోలేదు.